నాలుగో డబ్బా

“చేప లేదట,” అన్నాడు పెసమీనో, ఫోనుని అరచేత్తో మూసి. “ఆక్లండ్ నుంచి ఎవరో అమ్మాయి. వాళ్ళ అత్త చేప కనబడ్డం లేదట. మనల్నెందుకు అడుగుతోంది?”

“ఏ చేప?” అంది ఫువాతినో, కంప్యూటరు మీంచి తలెత్తకుండా.

“నాకేం తెలుసు. లైనంతా గరగర.” చెయ్యి తీసి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. “అమ్మాయీ, చేపలు కావాలంటే పక్కన బజారుంది. ఇది వీడియోల కొట్టు. మేం మనుషుల్ని పడతాం, చేపల్ని పట్టం.” ఫోను పెట్టేసి, తన హాస్యానికి తనే బల్ల చరుచుకుని నవ్వాడు.

పూర్తిగా అతని తప్పనడానికి లేదు. సముద్రం మధ్య దీవిలోని ఆపియా ఊళ్ళో చేపల బజారుకీ ఆ కొట్టుకీ మధ్య దూరం నలభై అడుగులు. వాసనకి ఆ నలభై కూడా లేవు. రోజుకి ఒకరైనా తలుపు తోసి ట్యూనా ఉందా అని అడిగి పోతుంటారు.

పది నిమిషాలకి ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఫువాతినో ఎత్తింది. లైను శుభ్రంగానే ఉంది. అవతలి గొంతే శుభ్రంగా లేదు. ఏడ్చి ఆపిన గొంతు.

“చేప కాదండీ, చాప. మా మోయెలాంగి అత్త తెచ్చిన మేలిచాప. మా నాన్న అంత్యక్రియల వీడియో మీరే కదా చేసింది? నాలుగ్గంటలూ రెండుసార్లు చూశాం. పదకొండు కుటుంబాల వాళ్ళు చాపలు తేవడం ఉంది. సొంత చెల్లెలిది లేదు. ఇక్కడ మావాళ్ళు ఏమంటున్నారో తెలుసా? అన్న పోతే చేతులూపుకుంటూ వచ్చిందంటున్నారు. సంగతేంటని ఫోన్ చేస్తే చేపల బజారుకి పొమ్మన్నాడు మీ ఆయన.”

“మా ఆయన కాదు, మా ఓనరు,” అంది ఫువాతినో. ముందు ఆ ఒక్క నిజం చెప్పడం తేలిగ్గా ఉంది. ఆ తర్వాత చెప్పాల్సిన మాట అంత తేలిక కాదు. “చూసి చెప్తానమ్మా. నీ పేరు?”

“పెనీనా. శనివారం మా పెద్దవాళ్ళు మీ కొట్టుకి వస్తారు. వాళ్ళకే చెప్పండి.”

మేలిచాప మీద ఎవరూ కూచోరు. మొగలాకుని దారమంత సన్నగా చీల్చి, పట్టుబట్టలా మడతపడేటట్టు అల్లి, అంచుకి ఎర్ర ఈకలు కుట్టి ఏళ్ళ తరబడి దాచేది కూచోవడానికి కాదు. పెళ్ళికీ చావుకీ పెద్దరికం కట్టబెట్టే వేడుకకీ చేతులు మారడమే దాని బతుకు. తెచ్చినవాళ్ళు నడివాకిట్లో రెండు కొసలూ పట్టి విప్పుతారు. ఇంటివాళ్ళు ‘సావో’ అని కేక పెడతారు. చావింట్లో సావో అంటే ఇక్కడ మెచ్చుకోలు. ఆ కేక అందని కుటుంబం రానట్టే లెక్క.

భయం చాప కింద నీరులా వస్తుందంటారు. ఇక్కడ చాపే లేదు. నీరు నేరుగా ఫువాతినో మెడ మీంచి వీపులోకి దిగింది.

“ఏమిటట?” అన్నాడు పెసమీనో. చెప్పింది. అతని నవ్వు మీసం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. కాసేపు కెమెరా పట్టీని వేలికి చుట్టుకుని విప్పాడు.

“తీసింది నేను,” అన్నాడు. “తీసేసింది నువ్వు.”

పెసమీనో కెమెరా భుజాన మోస్తాడు గానీ నింద ఏనాడూ మోసి ఎరగడు. దానికి వేరే భుజాలుంటాయి.

బుధవారం పొద్దున్న బల్ల మీద నాలుగు డబ్బాలూ వరసగా పెట్టుకుని కూచుంది ఫువాతినో. చతురస్రపు బిస్కెట్ డబ్బాలు. మూతల మీద నల్లసిరాతో ‘రోజూ’, ‘మూడ్రోజులు’, ‘వారం’, ‘నెల’ అని రాసి ఉన్నాయి.

కొట్టులో ఎడిటరుగా ఉన్నవాడు ఆపిల్ తోటల పనికి న్యూజీలండ్ వెళ్ళిపోయి ఆర్నెల్లయింది. కోతలొదిలి కోతకి పోయాడు. జిరాక్సు చూసుకునే ఫువాతినోని పెసమీనో ఆ కుర్చీలో కూచోబెట్టాడు. కంప్యూటర్లో ఒక ఎర్రజుట్టు పాలాంగి ఎడిటింగు పాఠాలు చెప్పేవాడు. పాలాంగి అంటే తెల్లవాడు, పాలరంగు అంగీ తొడుక్కు పుట్టినట్టుంటాడు. పొద్దున్న వాడు చెప్పింది మధ్యాన్నానికి గుర్తుండేది కాదు. నలభై మూడేళ్ళ బుర్రలో మాటలు జల్లెట్లో నీళ్ళలా నిలిచేవి. అప్పుడు మొదలుపెట్టింది ఈ డబ్బాల చదువు.

టిన్ను మాంసం వచ్చే అట్టపెట్టెల్ని పేకముక్కలంత కోసింది. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. ‘మనిషి కనబడకముందే మాట వినబడాలంటే?’ తిప్పితే, ‘ముందు చెవి, తర్వాత కన్ను. శబ్దాన్ని వెనక బొమ్మ కిందికి జరుపు.’ కొత్త అట్ట ‘రోజూ’ డబ్బాలో పడుతుంది. జవాబు చూడకుండా చెప్పగలిగితే ‘మూడ్రోజులు’కి పోతుంది, అక్కడా నెగ్గితే ‘వారం’కి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి డబ్బాకే. పరమపదసోపాన పటంలాంటిది, పాములెక్కువ. అలా మూడొందల పన్నెండు అట్టలు.

నాలుగో డబ్బా వేరు. అందులో చేసిన పనికి ఒక అట్ట. ఎన్ని క్లిప్పులు వచ్చాయి, ఎన్ని వాడింది, ఎన్ని కోసింది. కోసినవాటిని పారెయ్యకుండా ఒక పాత డ్రైవులో ‘కోతలు’ అని దాచేది. నెల తిరిగాక చల్లబడ్డ కళ్ళతో వాటిని చూసి, ఇది కోసి మంచి పని చేశానా అని తనని తనే అడిగేది.

“చెత్తకి కూడా బీరువా,” అనేవాడు పెసమీనో. అతను చెత్తని చెత్తగానే చూసే మనిషి. పని అయ్యాక రెండు వారాలకి కెమెరాలో కార్డులు తుడిచేసి మళ్ళీ వాడతాడు. ఈ అంత్యక్రియల కార్డుల మీద ఇప్పటికే రెండు పెళ్ళిళ్ళు ఎక్కాయి.

ఆ పని తాలూకు అట్ట నాలుగో డబ్బాలో పైనుంచి రెండోది. మూత మీద చెయ్యి పెట్టింది ఫువాతినో. తియ్యలేదు. తీస్తే, కోసినవాటిలో మోయెలాంగి ఉంటే? మూత మూసి ఉన్నంతసేపు కోసిందో లేదో తెలియదు. తెలియకపోవడం దడే. తెలిస్తే దడ పోతుంది, దాని చోట ఇంకోటొస్తుంది.

పదింటికి పెసమీనో వచ్చాడు. పంచెలా కట్టే మంచి లావాలావా చుట్టుకున్నాడు, లావుపాటి నడుం మీద అది ఇవాళ మరీ బిగుతుగా ఉంది. ఆ చావింటికే వెళ్ళి వస్తున్నాడు.

“కుటుంబం తరపున మాట్లాడే మాటల పెద్ద ఆసోమువా కూడా ఉన్నాడక్కడ. ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే ఎంత కోపమో తెలుసుగా.” కుర్చీ లాక్కున్నాడు. “ఫువా, శనివారం పదిమందీ వచ్చాక నువ్వు లేచి, నేర్చుకునేదాన్ని, పొరపాటున కోసేశాను అని చెప్పు. పెద్ద మనసున్న కుటుంబం. ఆ రోజు వచ్చినవాళ్ళకి తిండి ఎంత ఘనంగా పెట్టారని.”

“నేను కోశానో లేదో ఇంకా చూడలేదన్నా.”

“చూడ్డానికేముంది? నా కెమెరా ముందుకొచ్చింది ఏదైనా నేను వదుల్తానా? ఇరవై ఏళ్ళుగా తీస్తున్నా.”

“చెప్తే తర్వాత?”

“తర్వాత ఏముంది, సోమవారం నుంచి మా మరదలొచ్చి ఎడిటింగు చూసుకుంటుంది. నువ్వు జిరాక్సు దగ్గరే హాయిగా ఉండు. ఒకటికి రెండు తియ్యడం తప్ప, ఉన్నది కొయ్యడం ఉండదక్కడ.” జోకు పేలలేదని అతనికే తెలిసింది. గొంతు తగ్గించాడు. “చెప్పకపోతే నేను వాళ్ళ వాకిట్లో నెత్తిన చాప కప్పుకు కూచోవాలి తల్లీ.”

అది ఇక్కడి పెద్ద క్షమాపణ. తప్పు చేసినవాడు మేలిచాప కప్పుకుని, నొచ్చుకున్నవాళ్ళు వచ్చి తీసేదాకా ఎండలో కదలకుండా కూచోవాలి. చాప పోగొట్టినందుకు కప్పుకోవడానికి ఇంకో చాప కావాలి. ఫువాతినో ఇంట్లో చాప లేదు. అత్తగారిది ఒకటుండేది, ఆవిడతోనే వెళ్ళిపోయింది.

గురువారం తెల్లారి బస్సులో ముందు సీట్లో కూచుంది. బస్సు ఆమె భర్త మసేది. ఎడిటింగు పని మొదలైనప్పటినుంచీ, బస్సు బజారు చేరేదాకా అతను అట్టలు పట్టుకుని అడుగుతాడు, ఆమె జవాబు చెబుతుంది. దారిలో ఎక్కిన ఆడవాళ్ళు కూడా సగం ఎడిటింగు నేర్చేసుకున్నారని ఊళ్ళో పేరు.

“కోసేముందు?” అన్నాడు మసే.

“ఫైలు ఇంకోచోట దాచు.”

“పాట మీద మాటొస్తే?”

“పాట తగ్గించు, ఆపకు.”

“ఇది మాత్రం నా దగ్గర చెల్లదు,” అన్నాడు మసే, బస్సులో పాట ఇంకాస్త పెంచి. ఇంకో అట్ట తీశాడు. “ఒకేలా ఉన్న షాట్లు మూడుంటే?”

“బాగున్నది ఒకటుంచు, తక్కినవి...” అక్కడ ఆగిపోయింది.

“తీసెయ్యి,” అందించింది వెనక సీట్లో చేమదుంపల బుట్టావిడ.

మసే అట్ట తిప్పి చూశాడు. “ఈ లెక్కన మా అమ్మ మా ఆరుగుర్లో ఇద్దర్ని ఉంచుకుని నలుగుర్ని తీసెయ్యాల్సింది. అందరం ఒకేలా ఉంటాం.” భార్య నవ్వకపోవడంతో అద్దంలోంచి చూశాడు. “ఏమైందే?”

“ఈ అట్టని ఎన్నిసార్లు నెగ్గానో తెలుసా? ఐదుసార్లు. ఒక్కసారీ తప్పలేదు.”

“మంచిదేగా.”

“మంచిదేలే,” అంది. ఇంజను మోతలో ఆ మాట ఆమెకే వినబడలేదు. కుడిచేతి చూపుడువేలు ఒళ్ళో దానంతటదే కదులుతోంది, కోత మీట నొక్కుతున్నట్టు.

ఆ మధ్యాన్నం మోయెలాంగి ఇంటికి వెళ్ళింది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఊరి చివర, గోడల్లేని ఇల్లు, స్తంభాల మధ్య తెరలు పైకి చుట్టి ఉన్నాయి. అరవై దాటిన మనిషి, నల్లబట్టల్లోనే, నేల మీద కాళ్ళు చాపుకుని మొగలాకుని ఆల్చిప్పతో గీకుతోంది. గీకినప్పుడల్లా ఆకు లోంచి సన్నటి పొర పాములా మెలికలు తిరిగి ఒళ్ళో పడుతోంది.

“నేను పెసమీనో గారి కొట్లో పని చేస్తా పెద్దమ్మా. ఆ వీడియో ఎడిట్ చేసింది నేనే.”

మోయెలాంగి చెయ్యి ఆగలేదు. కోడలు పళ్ళెం తెచ్చి ఫువాతినో ముందు పెట్టింది. అరటికాయా, కొబ్బరిపాలూ.

“తినడానికి రాలేదు పెద్దమ్మా.”

“తిండికి రాకపోయినా ఇంటికొచ్చావుగా. తిను. ఖాళీ కడుపుతో వినేవాడికి చెప్పిన మాట నిలవదు.”

ఆమె తిన్నాక గానీ ఆవిడ నోరు విప్పలేదు.

“మూడేళ్ళు పట్టింది. పొద్దుటి వెలుగులోనే అల్లేదాన్ని, కళ్ళు ఆగవు కదా. ఎర్ర ఈకలు అయిపోయాయి. మా అన్నకి బాలేదన్నారు, ఇంక టైము లేదని చివర జానెడు పచ్చరంగు ఈకలు కుట్టేశా. అన్న పోయిన వారం రోజులకి తెచ్చి విప్పాం. మీ కెమెరాకి పచ్చది కదా, గడ్డి అనుకునుంటుంది.”

అది ఎత్తిపొడుపే. కానీ ఆవిడ ముఖంలో పొడిచే బలం లేదు.

“ఎవరి చేతికెళ్ళిందో కూడా తెలీదు. పంచేటప్పుడు నేను వంటింట్లో ఉన్నా. మా అన్న పిల్లలు ఆక్లండ్‌లో ఉన్నారు, వాళ్ళు నా చేతులు చూసింది చిన్నప్పుడు. ఇప్పుడు వీడియోలో ఖాళీ చేతులు చూశారు. అదీ చూళ్ళేదు, అసలు నన్నే చూళ్ళేదు.” ఆల్చిప్ప మళ్ళీ కదిలింది. “ఇది మొదలెట్టాను. ఇంకోటి. ఎవరికని అడక్కు, నాకే తెలీదు.”

తిరుగుదారిలో ఫువాతినో అదే తలుచుకుంటూ నడిచింది. పచ్చరంగు ఈకలు. ఎక్కడో చూసింది. ఎక్కడో కాదు, తెర మీదే చూసింది.

శుక్రవారం పెసమీనో ఒక పెళ్ళి తియ్యడానికి వెళ్ళాడు. కొట్టులో ఫ్యాను చప్పుడు, పక్క బజారులో చేపలు నరికే గొడ్డళ్ళ చప్పుడు. ఫువాతినో తలుపు గొళ్ళెం పెట్టి, నాలుగో డబ్బా మూత తీసింది.

అట్ట మీద తన రాతే. ‘క్లిప్పులు 212. వాడినవి 168. కోతలు 44.’ పాత డ్రైవు తగిలించింది. అది టిక్కుటిక్కుమంది గానీ తెర మీదికి రాలేదు. తీసి, తీగ చివర లావాలావా కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టింది. రాలేదు. మూడోసారి పెట్టి చేతులు ఒళ్ళో ముడుచుకుని, తెరని చూడకుండా గోడ మీది క్యాలెండరు చూసింది. ‘టింగ్’ అంది.

ముందు లెక్క. నూట అరవై ఎనిమిదీ, నలభై నాలుగూ, మొత్తం రెండొందల పన్నెండు. ఒకటి నుంచి చివరిదాకా నంబర్లు వేలుతో ముట్టుకుంటూ చూసింది. ఒక్కటీ పోలేదు. తర్వాత వరసగా ఒక్కో కోతా తెరుస్తూ వచ్చింది. ఊగిన బొమ్మ, కుక్క అడ్డంవచ్చినది, ఎవరి వీపో. చూసినంతవరకూ మోయెలాంగి వాకిట్లోకి రావడం వాటిలో లేదు.

అప్పుడు క్లిప్పుల మీద కెమెరా గడియారం వేసిన టైములు చూసింది. నూట పదిహేడో క్లిప్పు ఆగింది పదకొండూ నలభై ఒకటికి. నూట పద్దెనిమిది మొదలైంది పన్నెండింటికి. మధ్యలో పంతొమ్మిది నిమిషాలు కెమెరా కన్ను మూసుకుంది. ఆ పంతొమ్మిదిలో మోయెలాంగి వచ్చింది, విప్పింది, కేక అందుకుంది, పోయింది.

కొయ్యలేదు. తను కొయ్యలేదు. కుర్చీ వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. మూడ్రోజుల ఊపిరి అది. ‘తీసింది నేను’ అన్నాడు కదూ. తియ్యనేలేదు. రేపు పదిమంది ముందూ ఆ రెండు నంబర్లు చూపిస్తే చాలు. జిరాక్సు బల్ల దగ్గర ఎవరు కూచోవాలో అప్పుడు మాట్లాడదాం.

కోతల్లో ఇంకా పదకొండు చూడాల్సినవి మిగిలాయి. లెక్క తేలిపోయింది కనక చూడక్కర్లేదు. కానీ నాలుగో డబ్బాకి ఒక నియమం ఉంది, అన్నీ చూడాలి. పెట్టుకున్నది తనే. అలవాటుకి వేలు మీట నొక్కింది.

రెండొందల మూడు. సాయంత్రం వెలుగు. వచ్చిన చాపల్ని ఇంటివాళ్ళు పెద్దలకి పంచుతున్నారు. ఇద్దరాడవాళ్ళు ఒక చాప విప్పి పాస్టరుగారి భార్య వైపు నడుస్తున్నారు. గాలికి అంచు లేచింది. ఎరుపు, ఎరుపు, ఎరుపు, చివర జానెడు పచ్చ.

ఫువాతినో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసింది. ఆ రోజు ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద అతిథికి వెళ్ళిన చాప మోయెలాంగిది. పన్నెండు చాపలు వరసగా పంచుతుంటే, మూడింటికొకటి ఉంచి రెండు తీసేసింది తను. ఒకేలా ఉన్న షాట్లు. ఐదుసార్లు నెగ్గిన అట్ట. ఎర్రజుట్టు వాడికి తెలీదు సరే. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, మేలిచాపని ‘షాట్’ అనుకుంది.

ఈ క్లిప్పు సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియదు. చెరిపేస్తే పెసమీనో ఒక్కడే దోషి. ఉంచితే తనూ దోషే. కానీ ఆ ముసలావిడ చాప బతికున్నది ఈ నలభై సెకన్లలోనే. వేలు చెరిపే మీట మీద ఎంతసేపుందో ఆమెకి తెలియదు. బజారులో గొడ్డలి చప్పుడు ఆగింది. బేరాలయిపోయాయి.

శనివారం పొద్దున్న పద్నాలుగు మంది వచ్చి కొట్టులో నేల మీద కూచున్నారు. ముందు ఆసోమువా, భుజం మీద కొబ్బరిపీచు చామరం. పక్కన మోయెలాంగి. గోడకి టీవీ. పెసమీనో చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“మేం తగువుకి రాలేదు,” అన్నాడు ఆసోమువా. “చూడ్డానికొచ్చాం. చూశాక తగువో కాదో చెప్తాం.”

పెసమీనో ఫువాతినో వైపు చూసి తలూపాడు. ఆమె ఏమీ అనకుండా మీట నొక్కింది.

టీవీలో చాప విచ్చుకుంది. అంచు లేచింది. మోయెలాంగి మోకాళ్ళ మీద ముందుకి జరిగి, టీవీ దగ్గరకంటా వెళ్ళి, పచ్చగా ఉన్నచోట వేలు పెట్టింది. ఆవిడ నీడ తెర మీద పడింది, ఎవరూ పక్కకి జరగమనలేదు.

“ఇదే,” అంది. పచ్చ అంచు వెంట వేలు జరిపి, “పాస్టరుగారింటికెళ్ళిందా,” అంది. అడిగినట్టు లేదు.

“మరి మా వాళ్ళకి పంపినదాంట్లో ఇదెందుకు లేదు?” అన్నాడు ఆసోమువా.

“నేనే తీసేశాను తాతా.” ఫువాతినో గొంతు అనుకున్నదానికన్నా నిలబడింది. ‘ఒకేలా ఉన్న షాట్లు’ అట్ట తీసి ఆయన చేతికిచ్చింది. “ఇలా రాసుకుని బట్టీ పట్టాను. పన్నెండూ ఒకేలా కనబడ్డాయి నాకు.”

అట్ట చేతులు మారింది. ఒకామె తిరగేసి వెనక టిన్ను మాంసం బొమ్మ కూడా చూసింది. చివరికి అది మోయెలాంగి ఒళ్ళోకి చేరింది. మాటల పెద్ద మాట్లాడకపోతే ఎంత కోపమో ఫువాతినో గుండె లెక్కపెడుతోంది.

“పంచినప్పటిది నువ్వు తీసేశావు, సరే,” అన్నాడాయన చివరికి. “తెచ్చినప్పటిది?”

“రెండొందల పన్నెండు క్లిప్పులూ నా దగ్గరున్నాయి తాతా. పెద్దమ్మ రావడం వాటిలో లేదు. పదకొండూ నలభై ఒకటికి కెమెరా ఆగింది. పన్నెండుకి మళ్ళీ మొదలైంది.”

“ఎందుకాగింది?”

“అది నా అట్ట మీద లేదు.”

పెసమీనో వైపు ఆమె చూడలేదు. చూడనందుకే అందరూ చూశారు. అతను భుజం మీది పట్టీ సర్దుకోబోయాడు, ఇవాళ అక్కడ కెమెరా లేదు.

“తింటున్నా పెద్దాయనా,” అన్నాడు. ఆ గొంతులో ఆ కొట్టు ఎన్నడూ వినని మాట అది. “తెల్లారి ఆరింటి నుంచి నిలబడే ఉన్నా. ఎవరో ఆవిడ పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది. చావింట్లో పెట్టిన తిండి కాదనకూడదు కదా. కెమెరా దించి కూచున్నా. ఈలోగా ఎవరొచ్చారో చూళ్ళేదు.”

“ఎవరు పెట్టారు?”

“అందరూ నల్లబట్టలే. వంటింటి వైపు నుంచొచ్చింది.”

మోయెలాంగి టీవీ దగ్గర్నుంచి తల తిప్పింది. “పళ్ళెంలో ఏముంది?”

“రెండు చేమదుంపలు. కొబ్బరిపాలల్లో చేప.”

“తోకా, తలకాయా?”

“తలకాయ.”

ఆవిడ చెయ్యి మెల్లగా లేచి నుదుటి మీద ఆగింది.

“నేనే,” అంది. “ఎండలో మొహం వాడిపోయుంటే జాలేసి నేనే పెట్టా. తర్వాత తింటానన్నాడు. ‘ఆ డబ్బా కింద పెట్టి తిను నాయనా, చాపలెక్కడికీ పోవు’ అన్నా. అనేసి మా ఆయన తరపు వాళ్ళు పిలుస్తుంటే పరిగెత్తా. మా వంతొచ్చిందని.”

వెనక వరసలో ఎవరికో దగ్గులాంటిది వచ్చింది, దగ్గు కాదది. పక్కామెకి అంటుకుంది. ఆసోమువా చామరాన్ని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు, మార్చుకుంటుంటే ఆయన పొట్ట కదిలింది.

“ఈ తగువుకి మాటల పెద్ద అక్కర్లేదు,” అన్నాడు. “వంటావిడే తీర్పు చెప్పేసింది.”

మోయెలాంగి తన ఒళ్ళో ఉన్న అట్టని ఫువాతినోకి చాపింది. “ఇది దిద్దుకో.”

ఫువాతినో నల్లసిరాతో జవాబు కొట్టేసి కింద రాసింది: ‘ఒకేలా ఉన్నాయా అని ముందు ఇంటివాళ్ళని అడుగు.’ ‘రోజూ’ డబ్బాలో వేసింది. అట్టుకి అట్టున్నర లాగా పెసమీనో ఖాళీ ముక్క ఇంకొకటి తీసి ఆమె ముందు పెట్టాడు.

“నాకూ ఒకటి రాయి. కెమెరా మోసేవాడు ఎప్పుడు తినాలి, అని.”

“జవాబేం రాయను?”

“నాకు తెలిస్తే నిన్నెందుకడుగుతా? సోమవారం లోపల ఆలోచించి చెప్పు. ఎడిటరువి నువ్వా నేనా?”

జిరాక్సు బల్ల వైపు అతను చూడలేదు. ఆమే చూసి, తల తిప్పుకుంది.

ఆసోమువా ఆక్లండ్‌కి ఫోను కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టి మోయెలాంగి చేతికిచ్చాడు. లైను మళ్ళీ గరగరలాడుతోంది. అవతల పెనీనా ఒక్కతే కాదు, ఇల్లంతా మూగినట్టుంది. మోయెలాంగి మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ఎండ, జాలి, పళ్ళెం, పంతొమ్మిది నిమిషాలు, పచ్చ ఈకలు, పాస్టరుగారి భార్య, ఈ అమ్మాయి డబ్బాలు. చేపల బజారు మాట అన్నది కూడా తెలియక అన్నదేనని పెసమీనో తరపున తనే చెప్పింది. అవతల గోల. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. వాటి మధ్యలోంచి పెనీనా గొంతు తేలింది.

“అత్తా, సరిగా వినబళ్ళేదు. వీడియోలో నిన్ను లేకుండా చేసింది చాపా, చేపా?”

మోయెలాంగి గదంతా ఒకసారి చూసింది.

“చేపేనమ్మా,” అంది. “వండింది నేనే. చాప దొరికింది, పాస్టరుగారింట్లో ఉంది. మీ వాళ్ళందర్నీ దగ్గరికి పిలువు, మళ్ళీ చెప్తా.”